కెమెరా నేర్చుకున్న మాట

ఏడో తరగతిలో బడి మానేశానని చెప్పుకుంటాను గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. అలాంటి నేను సిరిసిల్లలో ఒక కెమెరాకు పాఠం చెప్పాను. ఇద్దరిలో అదే తొందరగా నేర్చుకుంది.

మాది మరమగ్గాల ఇరుసులను గట్టిపరిచే కార్ఖానా. కొలిమిలో కాలిన ఇరుసును నేను పటకారుతో బయటికి తీసి పట్టుకునేవాణ్ణి. గాలికి దాని ఎరుపు దిగుతుంటే మా ఉస్తాద్ కుర్చీలోంచి చూసి, "ముంచు" అనేవాడు. నేను నూనెలో ముంచేవాణ్ణి. వేడి ఎక్కువుండగా ముంచితే ఇరుసు పగులుతుంది.

సేటు కెమెరా తెప్పించాడు. ఉస్తాద్ "ముంచు" అన్న ప్రతిసారీ ఇనుము ఏ రంగులో ఉందో అది గుర్తుపెట్టుకునేది.

"నా కండ్లు గుంజుకుంటున్నదిర గిది," అనేవాడు ఉస్తాద్.

"గుంజుకోనీ ఉస్తాద్, నీ బీడీలైతే అడుగుతలేదు గదా!"

వానాకాలంలో ఆయన పోయాడు. తర్వాత నా పటకారు పనికి మరచెయ్యి వచ్చింది; నన్ను దానికి ఇరుసులు అందించే పనికి మార్చారు. కెమెరా రంగు పట్టగానే ముంచేస్తుంది. మొదటి రోజే నూనెలోంచి టిక్కుమన్న చప్పుడు. ఇరుసు పగిలింది. మళ్లీ ఇంకోటి. పగిలినప్పుడల్లా ఖాళీ కుర్చీ వైపు చూసేవాణ్ణి.

"ముసలాయనకు కండ్లు మసకైనయ్. తప్పు రంగు నేర్పిపోయిండు," అన్నాడు సేటు.

కాదని నాకు తెలుసు. నా చెయ్యి నిదానం. మాట విని, ఏదో జోకేసి, ముంచేసరికి ఒక ఊపిరి గడిచేది. అందుకే ఉస్తాద్ ఒక ఊపిరి ముందే అనేవాడు. మరచెయ్యి జోకులెయ్యదు. ఈ మాట చెబితే, అంత నిదానమైనవాడు ఎందుకని సేటు నన్ను పంపించేస్తాడేమో. నోరు మూసుకున్నాను. కెమెరా దీపం మెరిసినప్పుడల్లా వీపు వెనక ఉస్తాద్ గొంతు. వారం తర్వాత ఇక తట్టుకోలేక సేటుకు చెప్పేశాను.

ఇప్పుడు రంగు పట్టాక మరచెయ్యి ఒక ఊపిరి ఆగుతుంది. ఇరుసులు పగలడం లేదు. ఆ ఆగిన ఊపిరిలో ఆయన మాత్రం ఇంకా "ముంచు" అంటూనే ఉన్నాడు.

సేటుకు చెప్పాక వచ్చిన ఆదివారం, జగిత్యాలలో మా ఇంటి దగ్గర దిగకుండా అదే బస్సులో ఉస్తాద్ ఊరు కోరుట్ల దాకా పోయాను. ఉస్తాద్ భార్య బీడీలు చుడుతోంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను.

"ఉస్తాద్ చూపు మంచిగనే ఉండె పెద్దమ్మా. నా చెయ్యే నత్త లెక్క," అని నవ్వబోయాను.

ఆమె చేట మీంచి తల ఎత్తలేదు.

"నీకోసం ఆయన రోజూ ముందుగాల మాట్లాడిండు కొడుకా. ఆయన కోసం ఒక్కపారి మాట్లాడెటందుకు నీకు వారం పట్టిందా?"