దొరసానికి సదివిన వంటలు

నాకు పన్నెండేండ్లప్పుడు మా అమ్మ నన్ను ఒక దొరసానికి నవలలు సదివి వినిపించే పనికి కుదిర్చింది. బడి ఇడిసినంక పోవాలె, పొద్దుగూకే దాక సదవాలె, సోలెడు నూకలు తెచ్చుకోవాలె. ఆ ఏడు మెదక్‌ల జొన్నలు సుత దొరుకుతలేవు. ఊర్లల్ల పండిన గింజలు సర్కారు గుంజుకునే లెవీ కింద కొన్ని పోయినయి, భయానికి దాచిపెట్టినయి కొన్ని. మా నాయిన చర్చిల పని చేస్తుండె. ఇంట్ల పల్చటి గట్క తాగి పండుకునేటోళ్లం. నూకలంటె మాకు పండుగే.

దొరసానిది రామాయంపేట దిక్కు ఊరు. దొరల మీద తిరుగవడ్డ సంగపోళ్లు తమ గడి మీదికి వస్తరన్న భయానికి దొర ఆమెను తీసుకొచ్చి మెదక్ ఖిల్లా కింద ఒక ఇల్లు కిరాయికి తీసుకొని ఉంచిండు. తను ఊరికీ ఇక్కడికీ తిరుగుతుండె. ఆమెకు తోడు ఒక ముసలి వంటామె. దొరసానికి ముప్పై ఏండ్లు కూడ నిండలే. కడుపుల పుండ్లు. పాలు, గంజి తప్ప ఏదీ ముట్టొద్దని దవాఖానల చెప్పిండ్రు. ఆమెకు సదువు రాదు. బెజవాడ దిక్కు ఇచ్చిన చెల్లె ఒక గంపెడు నవలలు పంపింది. సర్కారు బడిల అంతా ఉర్దూ. తెలుగు గడగడ సదివే పిల్ల కావాలంటె మా మిషన్ బడిలనే దొరుకాలె. అందుకే నన్ను పిలిచిండ్రు. అయినా కడప దాటనియ్యలే. నేను ఇవతల అరుగు మీద, ఆమె లోపల పీట మీద.

ఆ నవలలన్నీ ఒక్క తీరే. నాయిక నిద్ర లేస్తె ఎవరో కాఫీ తెస్తరు. తోటల కూసుంటె పెసరట్లు వస్తయి. రైలెక్కితె వెండి డబ్బల పూతరేకులు. పొయ్యి ఊదేటోళ్లు ఒక్క పేజీల కనవడరు. పెద్దయి టీచరమ్మనైనంక నేను అట్లాంటియి ఎన్నో సదివిన. ఆడోళ్ల నవలల్ల తిండి తప్ప ఏమున్నదని సదువుకున్నోళ్లు నవ్వుతుంటరు. వాటిల వండేటోళ్లుండరు, గిన్నెలు తోమేటోళ్లుండరు, తినేటోళ్లే ఉంటరు. రోజంత పొయ్యి కాడ మాడిన మనిషి పుస్తకం పట్టుకొని అంతకంటె దూరం ఏం పోతది?

దొరసానికి ప్రేమ ముచ్చట్లు పట్టకపోతుండె. అయి ఇడిసిపెట్టి తిండి కాడికి రమ్మనేది. కొన్నాళ్లకు విన్నది విన్నట్టు వండియ్యవట్టింది. పెసరట్టు ఎట్లుంటదో ముగ్గురిల ఎవరికీ తెల్వది. వంటామె పెసళ్లు నానవోసి, అల్లం దంచి, నెయ్యి పోసి ఏదో కాల్చింది. ఆ పళ్లెం తెచ్చి కడప మీద, నా ముంగట పెట్టిచ్చి సదవమన్నది దొరసాని. నోట్ల నీళ్లూరి మాట తడబడితె నవ్వేది. సదువుడు అయినంక వంటామె ఆ పళ్లెం తీసుకపోయి బర్రె కుడితి గోలెంల వేసేది. రోజూ ఇదే.

ఒకనాడు వంటామె ఉండవట్టక, పొల్లకు ఒక్కటి పెడితె ఏమైతదని అడిగింది.

"కడుపు నిండితె గిట్ల సదవది," అన్నది దొరసాని. "ఆకలిగొన్న గొంతుల వింటెనే నాకు రుచి తెలుస్తది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. అమ్మ నూకలల్ల రాళ్లు ఏరుకుంటనే విన్నది. పళ్లెం దిక్కు చూడకు, పుస్తకం దిక్కు చూడు అన్నది. తెల్లారి మళ్ల తోలింది.

ఒక నవలల నాయికకు జ్వరం తగ్గినంక మొగడు పక్కన కూసొని వేడన్నంల నెయ్యేసి తినిపిస్తడు. ఆ పేజీ దొరసాని నాతోని ఎన్నిసార్లు సదివిచ్చిందో. గడిల వంద మందికి వండిస్తరు గని, అత్త, దొర, వచ్చిపోయే పోలీసు అమీన్లు అందరు తిన్నంక మిగిలిన సల్లన్నం, ఎర్రకారమే తన మొకాన పడేదని చెప్పింది. ఎవరింటి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. ఇయ్యాల నాకు జరంత పెడుతదనుకున్న. పెట్టలే.

ఆ వానకాలం సంగపోళ్లు ఊర్ల గడి గాదెలు పగులగొట్టి వడ్లు పంచిండ్రని కబురొచ్చింది. దాని వెనకనే దొర బురద కాళ్లతోని వచ్చిండు. నేను అదే పేజీ సదువుతున్న. ఆయన వాకిట్ల నిలవడి మొత్తం విన్నడు. ఇదేందని వంటామెను అడిగితె, భయానికి ఆమె కుడితి గోలెం సంగతి కూడ చెప్పేసింది. ఆయన అరువలే. వేటకూర తెప్పిచ్చి, కారం దండిగ వేసి వండియ్యమన్నడు. అన్నం ఉడికినంక తనే దొరసాని ముంగట కూసొని కలిపిండు.

"మొగడు తినిపియ్యాలె గదా. నోరు తెరువు."

నేను లేసిన.

"నువ్వెక్కడికి? సదువు," అన్నడు.

సదివిన. పుస్తకంల మొగడు ఇంకొక్క ముద్ద అంటుండు, ఇక్కడ ఈయన ముద్ద పెడుతుండు. మొదటి రెండు ముద్దలు దొరసాని ఇష్టంగనే తిన్నది. కండ్లు మూసుకొని మెల్లగ నమిలింది. తర్వాత కడుపు పట్టుకున్నది. వద్దని చెయ్యి అడ్డం పెడితె ఆయన ఆ చెయ్యి పక్కకు జరిపి పళ్లెం ఖాళీ అయ్యేదాక తినిపిచ్చిండు. వంటామె గోడ దిక్కు తిరిగి నిలవడ్డది. పేజీ అయిపోతె, మళ్ల మొదటికెల్లి సదవమన్నడు.

తెల్లారి నేను పోయేసరికి వంటామె నెత్తురు కడుగుతున్నది. దొరసానిని బండిల దవాఖానకు తీసుకపోయిండ్రు.

అమ్మతోని ఒక్కసారి చూడవోయిన. మంచంల అంటుకపోయి ఉన్నది. చెంచతోని పోసిన గంజి కూడ నిలుస్తలేదట. పుస్తకం లేకపోతె నోటికి చెప్పమన్నది. చెప్పిన. నెయ్యి కాగే వాసన కాడికెల్లి, పెసరట్టు అంచు కరకరలాడే దాక, పుస్తకంల లేనియి కూడ కలిపి పొడుగు చేసి చెప్పిన. ఈసారి గుటకలు మింగింది ఆమె. నేను ఆమె గొంతు దిక్కు చూసుకుంట చెప్పిన. అమ్మ రెక్క పట్టి గుంజితె గని లేవలే.

సర్కారును దించనీకి వచ్చిన పటాలం మెదక్‌ల అడుగుపెట్టిన వారంలనే దొరసాని పాణం పోయింది. దొర తెల్లటోపీ పెట్టుకొని పటాలానికి దండలేయ పోయిండు. అప్పుడే మా గల్లి వెనక సాయబుల ఇండ్లు దోచుకున్నరు; వండుకున్న అన్నం గిన్నెలల్లనే ఉన్నదని చూసొచ్చినోళ్లు చెప్పిండ్రు.

దినాలు అయినంక దొర అదే ఇంట్ల అఫ్సర్లకు, ఊరి పెద్దలకు దావత్ చేసిండు. మా చర్చోళ్లను కూడ పిలిచి, బర్రెల కొట్టం పక్కన వేరే వరుసల కూసోవెట్టిండ్రు. ఆ వంటామే వడ్డించింది. నాకు అడుగకుండనే రెండోసారి, మూడోసారి వేసింది. ఊపిరాడనంత తిన్న.

మరుసటి ఎండకాలం దొర మళ్ల పెండ్లి చేసుకున్నడు. ఆ పిల్లకు తెలుగు సదువు వచ్చట. ఆ గంపల ఉన్న నవలలు తనే తీసుకొని సదువుకుంటున్నదని తెలిసింది. నన్ను పిలువలే.