కోయని నాలుగు టైర్లు

మంగళవారం పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, టైర్ల అంకుల్ పోయారని. పార్సిప్పనీలో మా కాంప్లెక్స్‌లో ఉండే తెలుగువాళ్లందరికీ ఆయన టైర్ల అంకులే. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. అందులో నాదీ ఒకటి. అంతలో మీటింగ్‌లో నా వంతు వచ్చింది. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

ఆయన మా కింది ఇంట్లో ఉండేవారు. తెలంగాణలో బస్ డిపోలో పనిచేసి, ఇక్కడికి వచ్చాక రిటైరయ్యేదాకా టైర్ల షాపులోనే చేశారు. మేమంతా లాప్‌టాప్‌ల వాళ్లం, చేతికి మసి అంటుకునే పని చేసిన మనిషి మాలో ఆయనొక్కరే. నిజం చెప్పాలంటే మంచుకి టైర్లు మార్చుకునే నవంబర్‌లో తప్ప మాకు ఆయన గుర్తొచ్చేవారు కాదు. పుట్టినరోజులకి పిలిచేవాళ్ల లిస్టులో ఆయనా ఆంటీ ఎప్పుడూ లేరు. ఆయన మాత్రం సాయంత్రం నడకకి వెళ్తూ పార్కింగ్‌లో ఒక్కో కారు దగ్గరా ఆగి, వంగి, టైరు గాడిలో నాణెం పెట్టి చూసేవారు. అరిగిందనిపిస్తే తలుపు తట్టి మరీ చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది. ఈయన్ని ఎవరడిగారు అనుకునేదాన్ని.

నా కారు వెనక చక్రాలతో నడిచే రకం. రంగు చూసి ముచ్చటపడి కొన్నాను, ఇంకేమీ చూడలేదు. మా ఆయన జెర్సీ సిటీకి రైల్లో వెళ్తాడు కాబట్టి కారూ, వెనక సీట్లో పాపా నా బాధ్యతే. మొదటి చలికాలం డేకేర్ ముందు మలుపులో కారు వెనక భాగం దానంతటదే పక్కకి తిరిగిపోయింది. పాప ఆటనుకుని నవ్వింది. 

ఆ సాయంత్రం మొదటిసారి నేనే ఆయన తలుపు తట్టాను. అప్పటికే నా లెక్క నేను వేసుకున్నాను. ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే కదా, వింటర్ టైర్లు వెనక రెండిటికి వేయిస్తే చాలని చెప్పాను. ఆయన నన్ను వెక్కిరించలేదు, నాకే తెలిసినట్టు మాట్లాడినా.

“బిడ్డా, కదిలేది ఎన్క చక్రాలతోని. ఆగేది నాలుగిటితోని,” అన్నారు.

వెనక రెండే పట్టు మీదుంటే మలుపులో ముందు చక్రాలు మన మాట వినవని, కారు తిన్నగా పోతుందని టీపాయ్ మీద అగ్గిపెట్టె పెట్టి తిప్పి చూపించారు. ఏడాది పొడుగునా వాడే ఆల్ సీజన్ టైర్ల రబ్బరు చలికి బిగుసుకుపోతుందట, వింటర్ టైరుది మెత్తగానే ఉంటుందట. ఆంటీ టీ తెచ్చేసరికి నేను నోట్స్ రాసుకుంటున్నాను.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరికీ ఈ ఊళ్లో ఉంటామన్న నమ్మకం ఉండదు. ప్రాజెక్ట్ అయిపోతే వచ్చే నెల ఎక్కడో. అందుకే ఏదీ కొత్తది కొనం. వెళ్లిపోయేవాళ్లు పరుపు, ప్రెషర్ కుక్కర్, దేవుడి మందిరం లాండ్రీ రూమ్ పక్కన పెట్టి గ్రూప్‌లో ఫోటో వేస్తారు. వచ్చేవాళ్లు తీసుకుంటారు. ఆ వారమే కాపెల్ వెళ్లిపోతున్న కుటుంబం నాలుగు వింటర్ టైర్లు అలా పెట్టింది. అక్కడ టెక్సస్‌లో మంచుతో పనేముంది. సైజు సరిగ్గా నా కారుదే. గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఎగిరి గంతేశాను.

అంకుల్ వంగి చూశారు. టైరు పక్క భాగాన్ని రుమాలుతో తుడిచి, నాలుగంకెలు చూపించారు. ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెప్పే అంకెలు. పదకొండేళ్ల కిందటివి. ఏడాదికి మూడు నెలలే వాడుతూ ఇంటి నుంచి ఇంటికి మార్చుకుంటూ వచ్చారు, అందుకే అరగలేదు. రబ్బరు మాత్రం ఎండి చెక్కయిపోయింది. గోరుతో నొక్కమన్నారు. నా గోరు విరిగింది.

“ఇవి ఎవ్వలకీ ఇయ్యకు. పారేసేముందు కత్తితోని కోసెయ్. కొత్తగ కనవడేటియే మనుషుల్ని చంపుతయి.”

తర్వాతి శనివారం ఆయనే నాతో షాపుకి వచ్చి కొత్తవి ఎంపిక చేశారు. కొండ బొమ్మ మీద మంచు రేకున్న గుర్తు చూపించి, మంచుకి పనికొచ్చే టైరుకే అదుంటుందని, అది లేనిది ముట్టుకోవద్దన్నారు. వెడల్పు తక్కువ టైరు మంచుని కోసుకుంటూ నేలని పట్టుకుంటుందని, సన్నవే తీసుకోమన్నారు. మంచు పడ్డ రోజు ఖాళీ పార్కింగ్‌లో పక్కన కూర్చుని, నా భయం పోయేదాకా బ్రేక్ కొట్టించారు. నాకు ఈ దేశంలో అంత ఓపికగా ఎవరూ ఏదీ నేర్పలేదు. ఆ తర్వాత రెండు చలికాలాలు నా కూతురు నాతో క్షేమంగా ఇంటికి వచ్చిందంటే అది ఆయన చలవే.

కానీ పాత టైర్లు నేను కోయలేదు. మనసొప్పలేదు. మొన్న ఎండాకాలం దాకా బాల్కనీలో ఉంచి, చివరికి ఇరుకవుతోందని లాండ్రీ రూమ్ పక్కన పెట్టి ఫోటో తీసి గ్రూప్‌లో వేశాను. ‘లైక్ న్యూ’ అని రాశాను. ఆ మాట నా వేళ్లతో నేనే రాశాను. పది నిమిషాల్లో ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆఫీస్ కాల్ ముగించుకుని కిందికి వెళ్లేసరికి టైర్లు లేవు.

గత నెల ఆస్పత్రిలో ఆయన్ని చూడడానికి వెళ్లాను. మాట సన్నగా వస్తోంది. పాప గురించి అడిగారు. తర్వాత అడిగారు.

“ఆ పాత టైర్లు ఏం జేసినవ్ బిడ్డా?”

“పారేశాను అంకుల్.”

“కోసినవా?”

“కోశాను.”

ఆయన కళ్లు మూసుకుని, మంచి పని చేశావని నా చెయ్యి తట్టారు. నేను ఆయనతో ఆడిన చివరి మాట అదే.

అంత్యక్రియల మర్నాటి నుంచి వెతుకుతున్నాను. గ్రూప్‌లో అడిగాను, ఎవరూ పలకలేదు. ఆ బొటనవేలు పెట్టిన నంబర్ గ్రూప్‌లోంచి ఎప్పుడో వెళ్లిపోయింది. ఆ మనిషి ఊరు మారాడో, పక్క బిల్డింగ్‌లోనే ఉన్నాడో తెలియదు. సాయంత్రాలు పార్కింగ్‌లో వంగి టైర్ల పక్కలు తుడిచి చూస్తుంటే జనం నన్ను వింతగా చూస్తున్నారు. మా కాంప్లెక్స్‌లో రెండు వందల పైన కార్లున్నాయి. పగలు సగం ఉండవు.

ఆయన్ని తలుచుకోవడానికి ఇది రాస్తున్నాను, ఆయన్ని మోసం చేశానని ఒప్పుకోవడానికి కూడా. మీరు ఈ మధ్య ఎక్కడైనా కొత్తవాటిలా ఉన్న వింటర్ టైర్లు ఉచితంగా తెచ్చుకుని ఉంటే, దయచేసి కిందికి వెళ్లి ఆ నాలుగంకెలు చదవండి. పాతవైతే కోసేయండి.

ఇది రాస్తుండగానే మంచు మొదలైంది. కిటికీలోంచి చూస్తే మా గేటు దగ్గర పల్లం కనిపిస్తుంది, దాని కింద పెద్ద రోడ్డు. ఆఫీసులకి వెళ్లే కార్లు ఒకటొకటిగా దిగుతున్నాయి. వెనక అద్దానికి పసుపు రంగు ‘బేబీ ఆన్ బోర్డ్’ స్టిక్కర్ ఉన్న కారు ఒకటి ఇప్పుడే దిగింది. దాని బ్రేక్ లైట్లు వెలిగాయి. కారు ఇంకా కదులుతూనే ఉంది.