ఎనిమిదో తరగతి కోసం మొక్కు

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకు నేను రాంగోపాల్‌పేట్‌లో ఏడో తరగతి చదువుతున్నాను. ఆడపిల్లలకు తెలుగులో చెప్పే ఆ బడి ఏడుతోనే ఆగిపోయేది. ఆ తర్వాత ఇంట్లో కూర్చోవాలి, లేదంటే పెళ్లిచూపుల్లో కూర్చోవాలి. రెండూ నాకు ఒళ్లుమంటే.

మా నాయన హైదరాబాద్ సర్కారు ఖజానా దఫ్తరులో గుమాస్తా, బడి కమిటీలో సభ్యుడు. ఎనిమిదో తరగతికి పెట్టిన అర్జీ ఏమైందని నేను ప్రాణం తీస్తుంటే, ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు.

"ఇంతకుముందు సరిహద్దు సుంకం మన సర్కారుకే వచ్చేది బిడ్డా. గా సుంకం బంద్ అయింది. ఇగ పైసలు ఢిల్లీకెల్లే రావాలె. ఇప్పుడు కొత్త పన్ను షురూ చేసిండ్రు. ఆస్తిపరులు సస్తే వాళ్ల ఆస్తి మీద ఢిల్లీ వసూలు చేస్తది, మనకింత వాటా ఇస్తది. అది వస్తే మీ బడికి సుత ఏమన్న దొరుకుతదేమో."

నా బుర్రకెక్కింది ఒక్కటే. పెద్ద ఆస్తిపరుడెవరైనా పోతే నాకు ఎనిమిదో తరగతి వస్తుంది. మా వీధిలో అంత ఆస్తి ఉన్నది ఒక్కరికే. ఆయన కలప వ్యాపారి, ముసలాయన, మాకందరికీ సాబ్ తాత. బడి నడిచేది ఆయన ఇంటి వెనక భాగంలోనే, అదీ అద్దె లేకుండా. ఆ సంగతి తెలిసి కూడా నేను పట్టించుకోలేదు.

అప్పటికే ఆయనకు ఆయాసం. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, "ఏం బేటా, ఎనిమిదో క్లాసు ఎప్పుడొస్తది?" అని అడిగేవారు. నేను తల వంచుకుని లోపలికి పరుగెత్తేదాన్ని. ఆయన పోతే కొబ్బరికాయ కొడతానని అమ్మవారి గుడిలో మొక్కుకున్నాను మరి.

వానాకాలంలో ఆయన పోయారు. దారిన పోయేవాళ్లు సైతం ఆయన్ని మోసుకెళ్తున్న జనాజాకు నాలుగడుగులు భుజం పట్టి, పక్కవాళ్లకు అందించి తప్పుకున్నారు. మా నాయన దఫ్తరు బట్టలతోనే భుజం పట్టాడు. కిటికీలోంచి చూస్తున్న నేను రెక్క మూసేశాను.

కొన్ని నెలలకు సాబ్ తాత పెద్దకొడుకు మా ఇంటికి వచ్చాడు.

"మాఫ్ చేయుండ్రి సాబ్. ఢిల్లీ పన్ను కట్టనీకి చేతిల నగదు లేదు. ఇల్లు అమ్ముతున్నం. బడిని జెర ఖాళీ చేయించుండ్రి."

సరిగ్గా ఆ వారమే నాయన కాగితం తెచ్చాడు. ఎనిమిదో తరగతి మంజూరైంది. నేను అడిగాను: "సాబ్ తాత ఆస్తి మీద వచ్చిన పన్నేనా?"

"ఛ, ఆయన ఆస్తి పన్ను వాళ్లు ఇంకా కట్టనే లేదు. దేశమంత వసూలైన దాంట్లకెల్లి మన వాటా ఇది. ఆయన బతికున్నా వచ్చేది. ఇప్పుడు క్లాసు వచ్చింది, కూసోనీకి జాగ లేదు."

బల్లలు తరలించే రోజు, ఎప్పుడూ తాళం వేసి ఉండే చివరి గదిని పెద్దకొడుకు తెరిచాడు. గోడలకు కొత్త సున్నం. ఎదుటి గోడ మీద నల్లబోర్డు పూయించి ఉంది.

"ఎనిమిదో క్లాసుకని అబ్బాజాన్ చేయించిండు. ఆయాసం మీదనే నిలబడి చేయించిండు," అన్నాడు.

నేను మొక్కుకున్న రోజుల్లోనే. ఆ గోడకు ముఖం ఆనించి ఏడ్చాను. బడి పోతున్నందుకని అందరూ ఊరడించారు. ఆ కొబ్బరికాయ నేను ఇంతవరకు కొట్టలేదు.