మిషనక్క సినిమా చూసినవాళ్ళు

మా వీధి మలుపులో, మందుల షాపుకీ చెప్పులు కుట్టే ఆయన బడ్డీకీ మధ్య, ఒంటి తలుపు గదిలో మిషనక్క బట్టలు కుడుతుంది. ఆమెకి అసలు పేరు ఒకటుంది కానీ, దాన్ని వాడేది కరెంటు బిల్లు ఒక్కటే. పిల్లలకీ పెద్దలకీ అందరికీ ఆమె మిషనక్కే. మనిషి పొట్టి, గొంతు గట్టి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలదు. "ఎల్లుండి ఇచ్చేస్తాను" అన్న మాట మాత్రం సూదులున్నా లేకపోయినా ఒకేలా వినపడుతుంది. ఆ ఎల్లుండి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆమె ఎంత మాటకారో ఆయనది అంత మూగనోము. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని, కాసేపు రేడియో విని పడుకుంటాడు. మంచివాడే. చెయ్యెత్తి ఎరగడు, గొంతెత్తి ఎరగడు. నోరెత్తి కూడా ఎరగడు, అదే చిక్కు.

ఒకరోజు ప్యాంటు అంచు ఊడిందని ఒక సన్నటి అమ్మాయి మిషనక్క దగ్గరికి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, వచ్చిపోయేవాళ్ళతో మిషనక్క మాట్లాడే మాటలు వింటూ మధ్యాహ్నం దాకా లేవలేదు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ప్యాంటు కోసం తిరుగుతోందేమోనని మిషనక్క కాస్త కంగారు పడి, పెండింగు పనులన్నీ పక్కన పెట్టి దాన్ని కుట్టేసి చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి.

"నేను సినిమాలు తీస్తానండీ. మీ షాపులో తియ్యొచ్చా?"

"తీసుకో తల్లీ. మిషను మాత్రం కదపకు."

"మిమ్మల్నే తియ్యాలి."

"నన్నా? నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. కుట్టండి, మాట్లాడండి."

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మిషనక్క భర్తతో చెప్పింది. "నన్ను సినిమాలో వేస్తారటండీ."

"ఊఁ."

"ఊఁ అంటే వెయ్యమనా, వద్దనా?"

"ఊఁ అంటే ఊఁ," అని ఆయన మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

సినిమా కథ విన్నప్పుడు మిషనక్కకి తల తిరిగింది. ఒక డైరెక్టరు, బట్టలు కుట్టే ఆవిడ మీద సినిమా తియ్యాలని ఆమె షాపుకి వస్తుంది. ఎన్నాళ్ళు కూర్చున్నా కథ దొరకదు. దొరకడం లేదన్నదే కథ. సినిమాలోని డైరెక్టరుగా ఒక నటి వేసింది. అసలు డైరెక్టరమ్మ కెమెరా వెనకాల ఉంది. కుట్టే ఆవిడగా మిషనక్క తనే. "అంటే ఇది సినిమా తియ్యడం గురించిన సినిమా. అందులో నేను నేనే. నా మొగుడు మాత్రం వేరే ఆయన," అని ఆమె మందుల షాపాయనకి చెబితే, ఆయన చేతిలో ఉన్న మాత్రల డబ్బా బల్ల మీద పెట్టేసి, "చివరి ముక్క బయట అనకమ్మా," అన్నాడు.

మొగుడి వేషం వెయ్యడానికి వచ్చిన నటుడు బుద్ధిమంతుడు. సినిమాలో ఒకచోట అతను కూడా నటుడిగానే షాపుకి వస్తాడు. "మీ ఆయన ఎలా ఉంటారో చెప్పండి, అలా చేస్తాను," అని ఆమెని అడుగుతాడు. దానికి మాటలేవీ రాసి ఇవ్వలేదు. మీకు తోచింది చెప్పండి అంది డైరెక్టరమ్మ. కెమెరా తిరుగుతోందని మిషనక్కకి తెలుసు. తెలిసే చెప్పింది.

"చెయ్యడానికేముంది బాబూ, వచ్చి కూర్చో, చాలు. ఆయనా అంతే. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన చొక్కాలన్నీ నేనే కుడుతున్నాను. ఒక్కరోజు బాగుందని అన్లేదు. బాగాలేదనీ అన్లేదనుకో. గుండీ ఊడిందనుకో, అప్పుడు మాత్రం చొక్కా తెచ్చి నా ఒళ్ళో పెడతాడు. గుండీలు నేనే కాస్త వదులుగా కుడుతున్నానేమో అని ఒక్కోసారి నాకే అనుమానం."

ఆ మాట దగ్గర అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, కత్తెర తీసుకుని గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది. కెమెరా చాలాసేపు ఆమె చేతుల మీదే ఉండిపోయింది.

సినిమా బస్టాండు వెనకున్న పాత హాల్లో పడింది. మొదటి ఆటకి మా వీధి వీధంతా వెళ్ళాం. డ్రైవరుగారు రాలేదు. డ్యూటీ ఉందన్నాడు. మానమని ఆమె అడగలేదు.

ఇక మొదలయ్యాయి అభిప్రాయాలు. మామూలుగా సినిమా చూసినవాళ్ళు నటుల్ని తిట్టుకున్నా పొగుడుకున్నా నటులకి వినపడదు. ఇక్కడ నటి రోజూ వీధి మలుపులోనే దొరుకుతుంది. కిరాణా ఆయన, "సినిమాలో సినిమా, అందులో ఇంకో సినిమా. ఇంటర్వెల్ ఏ సినిమాకి ఇచ్చారో అర్థం కాక నేను లేవనే లేదక్కా," అన్నాడు. చెప్పులు కుట్టే ఆయన మాత్రం మెచ్చుకున్నాడు. "మనుషులు పని చేసుకుంటుంటే చూపించారు. ఏ సినిమాలోనూ ఎవడూ పని చెయ్యడు." లెక్కల టీచరుకి రెండుచోట్ల ఏడుపొచ్చిందట. ఎక్కడెక్కడో అడిగితే చెప్పలేకపోయింది. ఏమీ జరగని చోట అంది. ఒకావిడైతే పాప గౌను కోసం వచ్చి గుమ్మంలోనే నిలదీసింది. "కరెంటు పోయింది, అందుకే కుట్టలేదని సినిమాలో డైరెక్టరుతో చెప్పావే, అక్షరం పొల్లుపోకుండా నాకూ అదే చెప్పావు! నటన ఎక్కడిది నీకు?" పేపర్లో ఎవరో 'ఓపిక ఉన్నవారికి' అని రాశారు. నిద్రపోయినవాళ్ళూ ఉన్నారు. అందులో నేనూ ఉన్నాను, కాసేపే.

మిషనక్క అన్నిటికీ నవ్వింది. ఆడపడుచు వచ్చినరోజు మాత్రం నవ్వలేకపోయింది.

ఆడపడుచు గొడుగు మూలన పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది. "సినిమా బాగుంది, కాదన్ను. కానీ మా అన్నయ్యని నలుగురిలో నవ్వులపాలు చేశావు వదినా. డిపోలో ఏమంటున్నారో తెలుసా? అన్నయ్య బస్సెక్కగానే, 'ఏం గురూ, గుండీలన్నీ ఉన్నాయా?' అని అరుస్తున్నారట. కండక్టరు భార్య మా ఇంటి పక్కనే. తనే చెప్పింది."

"ఆయన ఏమన్నారట?"

"ఏమంటాడు? ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?"

ఆ పూట మిషనక్క కుట్టిన లాగూకి ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టింది. సాయంత్రం భర్తకి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"డిపోలో ఏమైనా అంటున్నారా?"

"అంటారు."

"ఏమని?"

"ఏదో."

"మీకు కష్టంగా ఉందా?"

ఆయన టీ గ్లాసు తిప్పుతూ ఆలోచించాడు. ఆలోచించి, "చక్కెర సరిపోయింది," అన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. సినిమా చూడనే చూడని మనిషి, దాని మూలంగా రోజూ మాటలు పడుతున్నాడని ఆమె బాధ. క్షమించమని అడుగుదామంటే, తప్పు చేశానని ఒప్పుకున్నట్టవుతుంది. చెప్పింది నిజమే కదా! నిజం చెప్పినందుకు బాధ, చెప్పకుండా ఇన్నేళ్ళు ఉన్నందుకూ బాధ.

ఇలా ఉండగా హాల్లో టికెట్లు చించే ఆయన ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు. కొలత ఇస్తూ నిలబడి, "మా హాలుకి మీ ఆయన లేకపోతే మధ్యాహ్నం ఆట ఎత్తేసేవాళ్ళమమ్మా," అన్నాడు.

మిషనక్క నేల మీద మోకాళ్ళ మీద ఉంది. నోట్లో సూదులున్నాయి. తీసి అడిగింది. "ఎవరు?"

"మీ ఆయనే. సెలవు రోజొస్తే చాలు, మధ్యాహ్నం ఆటకి దిగుతాడు. ఈరోజూ వచ్చాడు. ఎప్పుడూ ఒకే సీటు."

ఆ రోజు ఆయనకి సెలవే. బస్సు టైర్ల పని చూసొస్తానని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. మిషనక్క షాపు తలుపు దగ్గరగా వేసి, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా బస్టాండు వైపు నడిచింది. టికెట్లాయన ఒక కాలు మడిచిన ప్యాంటుతో వెనకాలే పరిగెత్తి ఆమెకి హాలు తలుపు తెరిచాడు.

లోపల చీకటి. అక్కడక్కడా నాలుగు తలలు. ఆమె చివరి వరసలో కూర్చుని కళ్ళు అలవాటు చేసుకుంది. మధ్య వరసలో, పక్కవైపు, ఒక మెడ కనిపించింది. ఆ కాలరు తను వేసిందే. పోల్చుకోవడానికి వెలుతురు అక్కర్లేకపోయింది.

తెర మీద ఆమే ఉంది. నటుడు వచ్చి అడిగాడు, మీ ఆయన ఎలా ఉంటారని. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గుండీ మాట దగ్గర ముందు వరసలో కుర్రాళ్ళిద్దరు పగలబడి నవ్వారు. భర్త నవ్వలేదు. తెర మీద నటుడు 'ఇలాగా?' అంటూ లేచి, స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాచి చూపించాడు. అప్పుడు మధ్య వరసలో, చీకట్లో, ఇంకో రెండు చేతులు పైకి లేచాయి. లేని చక్రాన్ని పట్టుకుని, నెమ్మదిగా కుడికి తిప్పాయి, ఎడమకి తిప్పాయి, మళ్ళీ కిందికి దిగాయి.

మిషనక్కకి ఏమీ అర్థం కాలేదు. లేచి వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంది. ఆయన ఉలిక్కిపడి చూశాడు. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడి మొహం.

"టైర్ల పని అయిందా?" అని గుసగుసగా అడిగింది.

"ఊఁ."

"ఎందుకొస్తున్నారండీ ఇన్నిసార్లు? నా మీద కోపమా?"

ఆయన తెర వైపు వేలు చూపించాడు. "ఆ చొక్కా నువ్వు కుట్టింది కాదు కదా?"

"కాదు. వాళ్ళే తెచ్చుకున్నారు. ఏం?"

"అనుకున్నా. చూడు, చేతులు చాచగానే చంక కింద పట్టేసింది. వీపు మీద ముడత పడింది. ఈ చొక్కాతో రెండు ట్రిప్పులు వేస్తే చిరుగుతుంది." ఆయన ఆగి, ఊపిరి తీసుకున్నాడు. అంత పొడుగు మాట ఆయన ఒక్కసారిగా మాట్లాడటం ఆమె ఎరగదు. ఇంకా అయిపోలేదు. "డిపోలో అందరి చొక్కాలూ చంకలో చిరుగుతాయి. నాది ఇంతవరకూ చిరగలేదు. నువ్వు వెనకాల ఎక్కువ గుడ్డ వదులుతావు. మొదటి చొక్కా నుంచీ వదులుతున్నావు. నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పొచ్చు కదా!"

"చెప్పేదేముంది? రోజూ తొడుక్కుంటూనే ఉన్నానుగా."

ముందు వరస కుర్రాళ్ళు వెనక్కి తిరిగి 'ష్' అన్నారు. తిరిగినవాళ్ళు ఆమె మొహం చూసి, తెర చూసి, మళ్ళీ ఆమె మొహం చూసి, నోళ్ళు తెరిచి అలాగే ఉండిపోయారు.

ఆమె గొంతు తగ్గించింది. "నాకు వినాలని ఉండేది. అంతే."

"అడిగితే చెప్పేవాణ్ణి."

"అడిగి చెప్పించుకుంటే ఏం బాగుంటుంది?"

"మరి సినిమా తీసి చెప్పించుకున్నావు కదా," అన్నాడాయన.

మిషనక్క పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఎక్కడో ఏడుపు కలిసింది. ఆయన ఏం చెయ్యాలో తోచక, ఆమె మెడలో వేలాడుతున్న టేపు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. సినిమా చివరిదాకా ఇద్దరూ కదల్లేదు. మొదటిసారి తను సరిగ్గా చూడనే లేదని, తన మొహమే చూసుకుంటూ గడిపేశానని, ఈసారి చూస్తే బాగానే ఉందనిపించిందని తర్వాత ఆమె నాతో అంది.

సినిమా ఆ వారమే తీసేశారు. డైరెక్టరమ్మ ఫోన్ చేసి, ఎక్కువమంది చూడలేదని దిగులుగా చెప్పింది. "మనుషుల్నే కాదు తల్లీ, ఎన్నిసార్లు చూశారో కూడా లెక్కలో వేసుకో," అంది మిషనక్క. ఆడపడుచు తన అభిప్రాయం మార్చుకోలేదు. డిపోలో అరుపులు మాత్రం ఆగాయి. ఒకరోజు ఎవరో గుండీల మాట ఎత్తితే, డ్రైవరుగారు బస్సు దిగి, రెండు చేతులూ బార్లా చాచి చూపించి, "నీ చొక్కా చిరక్కుండా ఇలా చాపు చూద్దాం," అన్నాడట. కండక్టరు భార్య ద్వారా అదీ మా వీధికి చేరింది.

అలాగని ఆయన మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఇంట్లో ఇప్పటికీ 'ఊఁ' లోనే సంసారమంతా నడుస్తుంది. కాకపోతే తర్వాతి సెలవు రోజున ఆయనే, వేరే హాల్లో ఏదో ఫైటింగు సినిమా ఉందని, వెళ్దామా అని అడిగాడు. ఆమె షాపు మూసింది. ఎల్లుండి వాళ్ళంతా ఆవలెల్లుండికి జరిగారు.

ఇద్దరూ బస్సెక్కారు. ఆయన నడపని బస్సులో, ఆయన పక్కన కూర్చుని వెళ్ళడం ఆమెకి చాలా కాలం తర్వాత. కిటికీ సీటు ఆమెకిచ్చాడు. కాసేపటికి ఆమె చూపు కిందికి పడింది. స్టాపు దగ్గరపడ్డప్పుడల్లా ఆయన కుడికాలు చెప్పుతో నేలని గట్టిగా నొక్కుతోంది. మనిషి మాత్రం ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. కాలి సంగతి ఆయనకే తెలీదు.

"ఏవండీ, ఈ బస్సు ఆ డ్రైవరు నడుపుతాడు లెండి," అంది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి స్టాపు వచ్చింది. కాలు మళ్ళీ ముందుకొచ్చింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు. కిటికీలోంచి వీధి చూస్తూ, ఆయన భుజానికి కాస్త ఆనుకుని కూర్చుంది.