పాసింజరు విజయనగరం వరకే

గజపతినగరంలో నేను ఎక్కేసరికి మా పెట్టెలో సగం మంది నిద్రలో ఉండేవారు. బొబ్బిలి వైపు నుంచి వచ్చే ఉదయం పాసింజరు అది. విజయనగరంలో కాసేపు ఆగి, కొత్తవలస మీదుగా విశాఖపట్నం వెళ్ళేది. రెండు వేల పదుల మొదట్లో నాకు విశాఖలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అక్కడ గది తీసుకుని ఉంటానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంత ఇష్టం లేదు. సీజన్ టికెట్ తీసుకుని రోజూ పోయి రావడం మొదలుపెట్టాను.

మా పెట్టెలో తలుపు దగ్గరి కిటికీ సీటు ఒకాయనది. దాని మీద పేరు రాసి లేదు గానీ ఎవరూ అందులో కూర్చునేవారు కాదు. యాభై దాటిన మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. విశాఖలో ఒక పెద్ద కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. బొబ్బిలిలో వీణలు చేసే ఇంట్లో పుట్టాడు. అన్నదమ్ములు పనస చెక్క తొలుస్తూ ఉంటే ఈయన ఇరవై ఏళ్ళుగా రైలెక్కుతున్నాడు. అందరం బాబాయి అనేవాళ్ళం.

ఆయన ఎదుటి సీటులో ఒక నర్సు కూర్చునేది. ఆమెదీ బొబ్బిలే. తాతల నాడు బాప్టిస్టు మిషను ఆసుపత్రిలో పనిచేసిన కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఆమె గొంతు ఎంత గట్టిదంటే, సీటు కోసం తగాదా పడేవాళ్ళు ఆమె ఒక్క మాటంటే సర్దుకుని కూర్చునేవారు.

పెట్టెలో అందరూ నిశ్చింతగా నిద్రపోయేది బాబాయి ఉన్నాడన్న ధైర్యంతోనే. ఆయనకు దారంతా చెవుల్లో ఉండేది. చంపావతి వంతెన మీద చక్రాల మోత ఎలా మారుతుందో, గొట్లాం దాటాక ఏ వంపు దగ్గర ఇనుము కీచుమంటుందో ఆయనకు తెలుసు. ఎవరు ఎక్కడ దిగుతారో కూడా తెలుసు. దిగవలసిన చోటు దగ్గరపడగానే చేతికర్రతో బల్ల కింద రెండుసార్లు తట్టేవాడు.

"కొత్తవలస వస్తాది. పాల కేన్లోడు లెగాల."

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అడిగాను. "బాబాయ్, వర్షం పడితే సప్పుడు మారిపోదేటి?"

"మారతాది. వర్షంలో మా యావిడ గొంతు కూడా మారతాది. అలాగని మా యావిడ కాదనుకుంటానేటి?" అన్నాడు. అక్క పడీపడీ నవ్వింది.

అలా మూడేళ్ళు గడిచాయి. ఒక రోజు ఉదయం స్టేషన్లో టికెట్ కిటికీ పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంది. పట్టాల పనులు జరుగుతున్నందువల్ల మా పాసింజరు ఇకపై విజయనగరం వరకే. ముందుకు వెళ్ళేవాళ్ళు అక్కడ దిగి, పలాస వైపు నుంచి వచ్చే రైలు ఎక్కాలి. ఎన్నాళ్ళో రాయలేదు. చదివి, రైలు మారడమే కదా అనుకున్నాను.

మొదటి రోజు విజయనగరంలో మా బండి చివరి ప్లాట్‌ఫారం మీద ఆగింది. పలాస బండి అప్పటికే ఒకటో నంబరు మీద నిలబడి ఉంది. మధ్యలో ఎత్తయిన మెట్ల వంతెన. బండి పూర్తిగా ఆగకముందే జనం దూకేశారు. సంచులు, టిఫిన్ క్యారేజీలు, చంకలో పిల్లలు, అందరూ ఒకేసారి మెట్ల మీద పడ్డారు. ఆ రోజు అక్కకి సెలవు. నేను దిగి నాలుగు అడుగులు పరిగెత్తి వెనక్కి చూశాను. బాబాయి ఒక స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో తగిలి వెళ్ళడంతో కళ్ళద్దాలు పక్కకు ఒరిగాయి. వాటిని సరిచేసుకుంటున్నాడు.

నేను ఆగాను. ఒక్క క్షణమే. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాను, మా సూపరింటెండెంటు వేళ దాటగానే హాజరు పట్టీ తన బల్ల సొరుగులో పెట్టేసుకునేవాడు. ఎవరో ఒకరు తీసుకొస్తారులే అనుకుని మెట్లెక్కేశాను. పలాస బండి కదులుతుంటే కిటికీలోంచి చూశాను. అవతలి ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోయింది. ఆయన ఆ స్తంభం దగ్గరే ఉన్నాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు అక్క ఆ కిటికీ సీటు వైపు చూస్తూ అడిగింది.

"ఆ రోజు నువ్వున్నావు కదే. బాబాయి ఎలా ఎక్కేడు?"

"ఎక్కలేదక్కా."

"నువ్వు సూసేవా?"

"సూసేను."

అక్క సంచిలోంచి ఫోను తీసి బాబాయికి కలిపింది. స్పీకరు పెట్టింది.

"సెలవు పెట్టేనమ్మా. సెలవయిపోతే స్వచ్ఛందంగా మానేస్తానని రాసిచ్చేస్తాను," అన్నాడాయన.

"ఏటి మానేసేది? మేం ఇద్దరం ఉన్నాం. రోజూ సెయ్యట్టుకొని దాటిస్తాం."

"ఆ తొక్కిసలాటలో సెయ్యట్టుకొని లాక్కుపోతారు. నాకేటి తెలుస్తాది? మీరు రాని రోజున నా గతేటి? నాకు సెయ్యి కాదమ్మా కావలసింది, దారి."

అక్క కాసేపు ఆలోచించింది. "అయితే ఆదివారం రండి. చర్చి అవగానే నానొస్తాను. జనం ఉండరు. దారి నేర్సుకుందురు గాని."

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ బొబ్బిలిలో ఎక్కారు, నేను గజపతినగరంలో ఎక్కాను. అక్క చర్చికి కట్టుకున్న చీరలోనే వచ్చింది, చేతిలో బైబిలు కూడా ఉంది. నేను బాబాయి పక్కన కూర్చున్నాను.

ప్లాట్‌ఫారం నిజంగానే ఖాళీగా ఉంది. రోజూ దిగే తలుపు ఎక్కడ ఆగుతుందో అంచనా వేసి అక్కడి నుంచి మొదలుపెట్టాం. బాబాయి కర్రతో నేలను తడుముతూ అడుగులు లెక్కపెట్టాడు. మంచినీళ్ళ కుళాయి కారుతున్న చప్పుడు దగ్గర ఆగి, "ఇది బాగుంది," అన్నాడు. మెట్లు ఎక్కడ మొదలవుతాయో, మధ్యలో ఎక్కడ మలుపు తిరుగుతాయో చేత్తో కమ్మీ పట్టుకుని చూశాడు. వంతెన మీదికి రాగానే గాలి తగిలింది. దిగేటప్పుడు కింద టీ కొట్టు నుంచి అల్లం వాసన వచ్చింది. మొదటిసారి మేం చెప్పాం. రెండోసారి ఆయన చెప్తుంటే మేం ఊకొట్టాం. మూడోసారి మమ్మల్ని వెనక ఉండమన్నాడు.

మూడోసారి ఒక సామాన్ల బండి తగిలి ఆయన మోకాలు దోక్కుపోయింది. అక్క ఆయన దగ్గరికి పరిగెత్తింది. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

"తప్పు నాదే. ఇందాక ఈ బండినే గుర్తెట్టుకున్నాను. కదిలేదాన్ని గుర్తెట్టుకోకూడదు."

నాలుగోసారి ఎక్కడా తడబడకుండా ఒకటో నంబరు మీదికి వచ్చి నిలబడ్డాడు. అక్క టీలు తేవడానికి వెళ్ళింది. బెంచీ మీద మేమిద్దరమే మిగిలాం. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"బాబాయ్, ఆ రోజు నాను మిమ్మల్ని సూసేను. సూసి కూడా ఎల్లిపోయేను."

"తెలుసమ్మా."

"ఎలా?"

"మూడేళ్ళబట్టి నీ సెప్పుల సప్పుడు వింటన్నాను. ఓ పాలి ఆగింది. మళ్ళీ ఎల్లిపోయింది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మోకాలి మీద దుమ్ము దులుపుకుంటూ అన్నాడు. "పట్టీలో సంతకం భయం నాకూ ఉన్నాది. ఇరవై ఏళ్ళు ఆ భయంతోనే ఎల్లేను. నీ ప్లేసులో నానుంటే అసలు ఆగేవోణ్ణో కాదో."

అక్క మూడు టీలతో వచ్చి నా మొహం చూసింది. నా గ్లాసు నా చేతిలో పెట్టింది.

సోమవారం బండి ఆగగానే మేం పరిగెత్తలేదు. ఆయన ముందు, మేం రెండు మెట్లు వెనక. తోసుకొచ్చేవాళ్ళకు అక్క గొంతే అడ్డుగోడ అయింది. కుళాయి, మెట్లు, మలుపు, గాలి, అల్లం వాసన. పలాస బండి ఎక్కి, ఇంకా కదలలేదని తెలిశాక ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత ఒకటి రెండు రోజులు బండి తప్పింది గానీ అది ఆయనొక్కడికే కాదు, మా ముగ్గురికీ తప్పింది.

బండి దొరికినా ఆ ప్రయాణం మాత్రం మాకు మళ్ళీ దొరకలేదు. పలాస బండి శ్రీకాకుళం రోడ్డు నుంచే నిండిపోయి వచ్చేది. మాకు సీట్లు ఉండేవి కావు, తెలిసిన మొహాలూ ఉండేవి కావు. మా పాత పెట్టెలోవాళ్ళు కొందరు బస్సులకు మారారు. పాల కేన్ల అతను కొత్తవలసలోనే గది తీసుకున్నాడు. మొదట్లో బాబాయి మౌనంగా కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. ఎవరిని లేపాలో ఆయనకు తెలియదు మరి. ఒక నెల గడిచాక, కంటకాపల్లి దగ్గరపడుతుంటే, కునికిపాట్లు పడుతున్న ఒక పెద్దామెను "ఎక్కడ దిగాలమ్మా?" అని అడగడం విన్నాను. అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

రెండేళ్ళు పోయాక పాసింజరును మళ్ళీ విశాఖ దాకా నడిపారు. అప్పటికి అక్కకి ఆసుపత్రి క్వార్టర్సు వచ్చి విశాఖ వెళ్ళిపోయింది. నాకు విజయనగరం బదిలీ అయింది. ఒక శనివారం, పనేమీ లేకపోయినా, పాత బండిలో విశాఖ దాకా వెళ్ళాను. ఆయన ఆఫీసుకు సెలవు కాబట్టి బాబాయి రాడని తెలుసు. ఆయన కిటికీ సీటులో ఒక కాలేజీ అమ్మాయి కూర్చుని చదువుకుంటోంది. నేను నిద్రపోకుండా ప్రతి స్టేషనూ చూస్తూ వెళ్ళాను.

ఆయన రిటైరయ్యాక ఒకసారి ఫోను చేశాను. ఎలా ఉన్నారని అడిగాను.

"ఇన్నేళ్ళూ తెల్లారేసరికి నాను కదిలేవోణ్ణి కదమ్మా. ఇప్పుడు కదలకుండా కూకుంటే ఊరే కదుల్తన్నట్టు ఉన్నాది," అన్నాడు. తర్వాత అక్క నంబరు మారిందట, కొత్తది కావాలన్నాడు. నేను ఒక్కొక్క అంకే చెప్తుంటే, రాసుకోవడం లేదు కాబట్టి, ప్రతిదాన్నీ నెమ్మదిగా తిరిగి చెప్పాడు.