వాసెన కట్టిన బగోన

హన్మండ్లుకు మంచి చేయాలన్న ఆత్రం ఎక్కువ, ముందూ వెనకా చూసుకోవడం కొంచెం తక్కువ. పుట్టింది ఎల్లారెడ్డి ఊరి పక్క పల్లెలో. చాలా ఏళ్లు మస్కట్‌లో వంటమనిషిగా చేశాడు. అక్కడ ఒకే గదిలో డజను మంది. ఒకసారి నడుము పట్టేసి మంచం దిగలేకపోతే, రామారెడ్డి ఊరి నుంచి వచ్చిన యేసుబాబు అనే మేస్త్రీ అతన్ని చంటిపిల్లాడిలా ఎత్తుకు తిప్పాడు. మనుషులంటే అట్లాగే ఉంటారనుకున్నాడు హన్మండ్లు.

తీరా కామారెడ్డికి వచ్చి అపార్టుమెంటులో దిగేసరికి దిమ్మ తిరిగింది. ఎవరి తలుపు వారిది. లిఫ్టులో ఎదురైతే అందరూ ఫోన్‌లోకి చూసుకుంటారు, సిగ్నల్ లేకపోయినా సరే. ఉండబట్టలేక ఒక జట్టు కట్టాడు. తాను, అంగన్‌వాడీ టీచరు సలోమి, మొబైల్ షాపు శైలేందర్. ఎవరికి కష్టమొచ్చినా తలా ఒక చెయ్యి వేయాలి. అయితే ఏ తలుపు కొట్టినా "మాకేమైందన్నా, మంచిగున్నం" అనే జవాబు. సాయం చేసేవాళ్లు తయారుగా ఉన్నారు, చేయించుకునేవాళ్లే కరువయ్యారు.

అప్పుడే మూడో అంతస్తు గంగారాం బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాడు. రోజూ లేపి నిలబెట్టి నడిపించకపోతే ఇక మంచానికే అంటుకుపోతాడని డాక్టరు చెప్పాడు. ఆయనేమో వడ్ల గుమ్మి లాంటి మనిషి, భార్య గౌరవ్వ చీపురుపుల్ల. ఒక్కతే ఎట్లా లేపుతుంది? ఎల్లారెడ్డిలో ఉన్న ఆమె తమ్ముడు పోశెట్టి వచ్చి తన దగ్గరే ఉండమన్నాడు. అంత దూరం పోతే కాలు చూసే డాక్టరూ ఉండడు, కసరత్తు చేయించే మనిషీ రాడు. అది తెలిసి కూడా ఆమె బట్టలు సర్దుకుంటోంది.

హన్మండ్లు వెళ్లి గ్రిల్లు అవతల నిలబడ్డాడు.

"మేం పట్టుకుంటమక్కా. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి."

"వద్దు తమ్మీ," అంది గౌరవ్వ. "ఇయ్యాల లేపుతరు. లుంగి జారిందో, పక్క తడిసిందో, రేపు గదంత వాచ్‌మెన్ కాడ కూసోని చెప్పుకుంటరు. అది ఇన్నడంటే మా ఆయన మల్ల లేవడు."

హన్మండ్లు దిగి వచ్చి ఆ మాట జట్టుకు చెప్పాడు. జట్టు ఆలోచించింది. ముందు కాస్త అన్నం పట్టుకుపోదాం, ఆమెకు నమ్మకం కుదిరాక మిగతాది చూద్దాం. అయితే మూడో కంటికి తెలియకూడదు. ఇక్కడే వచ్చింది తంటా.

ఆదివారం మధ్యాహ్నం. హన్మండ్లు భార్య శ్రీలత మెత్తటి అన్నం, పెసరపప్పు వండి పెద్ద బగోనలో పెట్టి, ఒలికిపోకుండా మూతికి తెల్లబట్ట వాసెన కట్టింది. హన్మండ్లు దాన్ని భుజానికెత్తుకున్నాడు. ప్రార్థన నుంచి తిన్నగా వచ్చిన సలోమి తెల్లచీరలో ఉంది. చప్పుడు కాకుండా ముగ్గురూ చెప్పులు కిందే విడిచారు. ఎవరైనా పలకరిస్తారేమోనని తలలు వంచుకున్నారు. ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగే వండి, బగోనకు వాసెన కట్టి, మాటాపలుకూ లేకుండా మోసుకొస్తారు. మన దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఆ ముగ్గురికీ తెలుసు. ఆ పూటకు గుర్తు రాలేదు, అంతే.

రెండో అంతస్తు సంజన తలుపు సందులోంచి చూసింది. "అయ్యో, గంగారాం బాపు" అని కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కడి నుంచి ఆ వార్తకు లిఫ్టు అవసరం పడలేదు. వాచ్‌మెన్‌ను అడిగితే, తెలియదంటే నామోషీ కదా, "అవునంట" అన్నాడు. ఎవరో పుణ్యాత్ములు ఎల్లారెడ్డికి ఫోన్ కూడా కొట్టారు.

పైన గౌరవ్వ గ్రిల్లు తీసి, బగోనను చూసి బిగుసుకుపోయింది.

"ఏంది తమ్మీ గిది? మా ఇంట్ల ఎవలు సచ్చిన్రని తెచ్చినవ్?"

హన్మండ్లు తన భుజం మీది బగోనను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "పెసరపప్పక్కా," అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే మెట్ల నిండా జనం. ఎన్నడూ తెరుచుకోని తలుపులవాళ్లంతా చెప్పుల్లేకుండా, కళ్లు తుడుచుకుంటూ వస్తున్నారు. లోపలి నుంచి గంగారాం గొంతు ఖంగున వినిపించింది.

"ఎవలే అచ్చింది?"

ముందున్న ముసలామె మెట్టు మీద కూలబడింది. "బతికే ఉన్నడు," అన్నాడు శైలేందర్, అదేదో తన తప్పయినట్టు.

గౌరవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు హన్మండ్లు. ఆమె నవ్వుతోంది.

"నన్ను సంపిన్రా?" అన్నాడు గంగారాం లోపల్నుంచి. "ఎవలో లోపటికి రమ్మను, జూస్త."

పోశెట్టికి ఎంత చేసినా ఫోన్ కలవలేదు. అతను వచ్చేదాకా ఎవరూ కదలలేదు. నాలుగిళ్ల నుంచి ఛాయ్ వచ్చింది. చివరికి షేర్ ఆటో దిగి, చేటంత పూలదండతో, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో పోశెట్టి వచ్చాడు. ఆటోలోని ముగ్గురు ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఓదారుస్తూ వెంట వచ్చారు.

"దండ మంచిగున్నది బామ్మర్దీ," అన్నాడు గంగారాం మంచం మీది నుంచి. "నాకేనా?"

ఇల్లంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ గంగారామే నవ్వాడు. నవ్వీ నవ్వీ హఠాత్తుగా ఆగి, భార్యను దగ్గరికి పిలిచి చెవిలో ఏదో అన్నాడు. గౌరవ్వ మొహం మారింది, బాత్రూము తలుపు వైపు చూసింది. తమ్ముడొక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇంటి నిండా జనం. ఆమె హన్మండ్లు వైపు చూసింది.

హన్మండ్లు వంచిన తల ఎత్తి, గొంతు సవరించుకున్నాడు. "సలోమీ, అన్నం సల్లారుతున్నది. అందరిని కిందికి తీస్కపోయి పెట్టుపో."

క్షణంలో ఇల్లు ఖాళీ. తలుపు పడింది. హన్మండ్లు ఒక పక్క, పోశెట్టి ఒక పక్క పట్టి గంగారాంను లేపారు. లోపలేం జరిగిందో, లుంగీ నిలిచిందో జారిందో, ఎవరికీ తెలియదు. అన్నం తింటూ ఎవరో అడగబోతే శైలేందర్ "పప్పు ఎట్లున్నది?" అన్నాడు.

మాపటికి పోశెట్టి ఒక్కడే ఎల్లారెడ్డి బస్సెక్కాడు. సర్దిన బట్టలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి.

తెల్లారి హన్మండ్లు నింపాదిగా పళ్లు తోముకుంటుంటే పైనుంచి కేక వినిపించింది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని పరుగెత్తాడు. గౌరవ్వ గ్రిల్లు బార్లా తీసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"గిదేనా అచ్చుడు? మీ అన్న అప్పటిసంది కూసున్నడు. పొద్దుగాల అంటే ఎప్పుడనుకున్నవ్?"

అపార్టుమెంటుకు వచ్చాక అతన్ని ఒకరు తిట్టడం అదే మొదలు. హన్మండ్లుకు ప్రాణం లేచొచ్చింది.