నిండు కడుపుతో బరిలోకి

మా ఆయన బాక్సరు. పెళ్ళిచూపుల్లో ఈ మాట చెప్పినప్పుడు మా నాన్న "బ్యాంకరా?" అని రెండుసార్లు అడిగారు. కాదని తెలిశాక కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేస్తూ, తెల్లారకుండానే గ్రౌండుకెళ్ళి గుద్దులు ప్రాక్టీసు చేసే మనిషిని ఏం చూసి చేసుకున్నావని మా వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. నేనింకో స్కూల్లో లెక్కల టీచర్ని. ఈ లెక్క మాత్రం నాకూ తేలలేదు.

ఒకప్పుడు ఆయన అరవై కిలోల విభాగంలో రాష్ట్ర చాంపియను. ఆ అరవై కోసం ఏటా పోటీల ముందు మా ఇంట్లో జరిగే తతంగం పగవాడికి కూడా వద్దు. ఉప్పు మానేస్తారు. అన్నం మానేస్తారు. చివరి రోజుల్లో మంచినీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగుతారు. మిట్టమధ్యాహ్నం రోహిణీ కార్తె ఎండలో వానకోటు వేసుకుని పరిగెడుతుంటే, ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చి "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అని గుసగుసగా అడిగేది. నేనేం చెప్పను? చెమట పట్టి బరువు తగ్గడానికండీ అంటే, ఈ ఊళ్ళో చెమటకి వానకోటు దేనికని ఆవిడ అనుమానం. న్యాయమైన అనుమానమే.

ముప్పై అయిదు దాటాక ఒళ్ళు మాట వినడం మానేసింది. ఆఖరిసారి నానా అవస్థా పడి అరవైకి దిగారు గానీ, బరిలోకి వెళ్ళాక రెండో రౌండుకే చేతులు పైకి లేవలేదు. నాలుగేళ్ళ కిందటైతే నవ్వుతూ ఓడించగలిగినవాడి చేతిలో ఓడిపోయారు. ఇంటికొచ్చాక పెరుగన్నం కలిపి పెడితే ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయారు. నేనే తినిపించాను. ఇక అయిపోయిందిలే, ఈ పీడ వదిలింది అనుకున్నాను.

ఆర్నెల్లు తిరక్కుండా ఒకరోజు భోజనాల దగ్గర చెప్పారు. "ఈసారి తగ్గను. పెరుగుతా. డెబ్బై అయిదు కిలోల విభాగంలో ఆడతా."

"మధ్యలో ఇంకా విభాగాలున్నాయి కదండీ?"

"వాటిల్లో మన జిల్లా నుంచి కుర్రాళ్ళున్నారు. దీంట్లో ఎవరూ లేరు."

"ఎందుకు లేరు?"

ఆయన పప్పులో నెయ్యి వేసుకున్నారు. మా పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను నెయ్యి వేసుకోవడం నేను చూసింది అప్పుడే. తీరిగ్గా కలుపుకుని, "అక్కడ చాంపియనున్నాడు," అన్నారు.

చాంపియనంటే ఎవరో ఈ పోటీలకి వెళ్ళొచ్చేవాళ్ళందరికీ తెలుసు. పక్క జిల్లా, పిడుగురాళ్ళ మనిషి. సున్నం బట్టీల దగ్గర బస్తాలెత్తుతూ పెరిగాడట. మా ఆయన కంటే పదేళ్ళు చిన్న, ఒక జానెడు పొడుగు. అతనితో తలపడ్డవాళ్ళలో మూడో రౌండు దాకా నిలబడ్డవాళ్ళు తక్కువ. అందుకే ఆ విభాగంలో పేరివ్వడానికి ఎవరూ ముందుకు రారు. ఖాళీగా ఉందని మా ఆయన వెళ్తానంటున్నారు. బస్సులో సీటనుకున్నారు కాబోలు.

నేను అరిచాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మా అత్తయ్య పల్లె నుంచి సున్నుండల డబ్బా, నాటుకోడీ పట్టుకుని దిగింది. ఆవిడకి అర్థమైందల్లా కొడుకు తినడానికి ఒప్పుకున్నాడన్న సంగతి ఒక్కటే. "ఇన్నాళ్ళకి వీడికి తిండి మీద బుద్ధి పుట్టింది, నువ్వు అడ్డం పడకు," అని నన్నే కసిరింది.

పెడుతూనే ఉన్నాం. ఆయన తింటూనే ఉన్నారు. బరువు మాత్రం పెరగదు. ఆ విభాగంలో ఆడాలంటే డెబ్బై ఒకటి దాటాలి. తిన్న ప్రతిసారీ మిషనెక్కి ముల్లు వంక చూసి, ఏదో నా వంటలోనే లోపమున్నట్టు నా వంక చూసేవారు.

"తిన్నదంతా పరిగెత్తి కరిగిస్తే ఎట్లా పెరుగుతారండీ?"

"పరిగెత్తకపోతే మూడు రౌండ్లు ఎట్లా ఆడతాను?"

"అసలు ఆడకపోతే?"

ఆయన ఇంకో గుడ్డు ఒలుచుకునేవారు.

మిరపకోతలప్పుడు సెలవులకి పల్లెకెళ్ళాం. అక్కడ కల్లంలో కాయలు ఎండబోసి ఉన్నాయి. బలం రావాలంటూ ఆయన మిర్చి టిక్కీ బస్తాలు భుజానికెత్తుకుని కల్లం చుట్టూ తిరిగారు. ఒక్కో బస్తా మోసి పది తుమ్ములు తుమ్మేవారు. చేతులకి చుట్టుకునే గుడ్డపట్టీలు ఉతికి, ఎక్కడా చోటు లేనట్టు ఎండుమిరపకాయల పట్టా మీదే ఆరేశారు. సాయంత్రం వాటిని చుట్టుకుని కాసేపు గాలిలో గుద్ది, చెమట పట్టగానే వాటితోనే కళ్ళు తుడుచుకున్నారు. ఆ కేక వీధి చివరికి వినబడింది. నేనూ అత్తయ్యా చెరో రెక్కా పట్టుకుని బోరింగు దగ్గరికి లాక్కుపోయాం. నేను పంపు కొడుతుంటే అత్తయ్య మొహాన నీళ్ళు చల్లుతూ, "చాంపియను దాకా ఎందుకురా, మన కాయే నిన్ను పడగొట్టింది," అంది. నవ్వు ఆపుకోలేక పంపు వదిలేసి కూలబడ్డాను. ఆయన కళ్ళు మూసుకుని అలాగే నిలబడి, "నువ్వు నవ్వు. నవ్వుకో," అన్నారు. ఆ నీళ్ళు కారుతుండగానే నెమ్మదిగా అన్నారు. "ఇన్నేళ్ళూ ఆకలితోనే ఆడాను. గెలిచినప్పుడు కూడా ఆకలే. ఒక్కసారి నిండు కడుపుతో ఆడి చూడాలనుంది."

మొత్తం సంగతి అది. ముందే చెప్పొచ్చుగా! ఇన్ని నెలలు నాచేత తిట్లు తిన్నాక, మొహమంతా వాచి ఉన్నప్పుడు చెప్పాలా? అప్పటి నుంచి నేను సరిగ్గా తిట్టలేకపోయాను. దానికీ ఒళ్ళు మండింది.

పోటీలు ఒంగోలులో. అత్తయ్య కూడా మాతో వచ్చింది. బరువు చూసే పొద్దున ఆయన డెబ్బై ఒకటికి ఇంకా కాస్త తక్కువే ఉన్నారు. బరువు తూచే గది బయట వరండాలో కూర్చోబెట్టి అరటిపళ్ళు, మజ్జిగ, నీళ్ళు వరసగా పట్టించాను. అవతల గోడకానుకుని కూర్చున్నాడు చాంపియను. అతని అవస్థ వేరు. డెబ్బై అయిదుకి దిగడానికి నిన్నట్నుంచి ఏమీ తినలేదట, పెదాలు పగిలిపోయాయి. మా ఆయన నాలుగో పండు ఒలుస్తుంటే అతను చేతులు జోడించి, "అన్నా, దణ్ణం పెడతా, కాస్త అటు తిరిగి తినన్నా," అన్నాడు. మా ఆయన గబుక్కున పండు వెనక్కి దాచుకుని, "సారీ తమ్ముడూ, నాకు తెలుసది," అన్నారు. తర్వాత మెట్ల వెనక్కి వెళ్ళి తిన్నారు. తూకంలో గట్టెక్కారు.

సాయంత్రం ఆట. మొదటి రౌండులో మా ఆయన ఎడం చెయ్యి రెండు మూడుసార్లు అతని మొహాన తగిలింది. అతని తల కదిలితే ఒట్టు. రెండో రౌండులో అతను పక్కటెముకల మీద ఒకటిచ్చాడు. ఆ చప్పుడు మా కుర్చీల దాకా వచ్చింది. రిఫరీ ఆపి అంకెలు లెక్కపెట్టాడు. "ఒరేయ్, దూరంగా జరగరా!" అని అత్తయ్య అరుస్తోంది. నేను ఆపేయమని అరిచాననుకుంటాను. గుర్తులేదు. మూడో రౌండుకి ఆయన కనుబొమ్మ చిట్లి ఉంది, అయినా లేచి వెళ్ళారు. తిన్న దెబ్బలే ఎక్కువ. కానీ చేతులు మాత్రం కిందికి దిగలేదు. గంట కొట్టేదాకా కొడుతూనే ఉన్నారు, కాళ్ళ మీదే ఉన్నారు. జడ్జీలందరూ చాంపియనుకే ఇచ్చారు. అందులో అన్యాయమేమీ లేదు.

దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్తే, కుట్లు వేసే కుర్ర డాక్టరు వయసడిగాడు. చెప్పాం. "ఈ వయసులో బాక్సింగేంటండీ? చదువుకున్నవాళ్ళేగా, ఇంట్లో ఎవరూ చెప్పరా?" అన్నాడు.

ఇన్ని నెలలుగా నేను చెబుతున్నది అక్షరాలా అదే. కానీ నాకెక్కడి నుంచి వచ్చిందో కోపం. "మీరు కుట్లు వెయ్యండి చాలు. రాష్ట్రంలో అతనితో మూడు రౌండ్లు నిలబడ్డవాళ్ళు ఎంతమందున్నారో తెలుసా మీకు?" అన్నాను. గది మొత్తం మావైపు తిరిగింది. బల్ల మీద పడుకునున్న మా ఆయన పెదవి వాచినా నవ్వబోయారు. "నవ్వకండి, సూది కంట్లో దిగుతుంది," అని ఆయన మీదా అరిచాను.

తిరుగు ప్రయాణంలో ఆయన కారు వెనక సీట్లో అత్తయ్య ఒడిలో తల పెట్టుకుని, "మూడో రౌండులో చేతులు చూశావా?" అని అడిగారు. చూశానన్నాను. చిలకలూరిపేట దాటేసరికి నిద్రపోయారు.

ఆ తర్వాత ఆయన పోటీలకి పేరివ్వలేదు. జడ్జీల శిక్షణకి వెళ్ళొచ్చి, ఇప్పుడు బరి పక్కన కుర్చీలో కూర్చుని మార్కులు వేస్తున్నారు. ఎందుకు మానేశారని నేను అడగలేదు. అడిగితే ఆలోచిస్తారు. ఆయన ఆలోచిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.